బొటనవేలంత సిపాయి

పిల్లలూ! ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలలో ఒకటి కాకినాడలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి రాసింది. వాళ్ళ బావ ఇంగ్లండులో చదువుకుంటున్నాడట. సెలవులకు వస్తూ రెండు సిపాయి బొమ్మలు తెచ్చాడట. రెండూ ఒకే అచ్చులో పోసినవే, రెండూ బొటనవేలంత ఎత్తే. కాని ఒకదానికి రంగు లేదు, బూడిద ముద్దలాగా ఉంది. రెండోదానికి ఎవరో పనితనం తెలిసిన మనిషి రంగులు వేశాడు. ఆ రంగులు వేసినదాని ఖరీదు వెయ్యనిదానికి ఏడు రెట్లు!

"మేష్టారూ, బొమ్మ మీది రంగంతా గీకి తూచినా చిటికెడు ఉండదు. చిటికెడు రంగుకు ఆరు బొమ్మల డబ్బా? మా బావను ఎవరో మోసం చేశారని అమ్మమ్మ అంటోంది. నిజమేనా?" అని ఆ అమ్మాయి అడిగింది.

అమ్మమ్మగారిని నేను తప్పు పట్టను. చింతపండు దగ్గరనుంచి బంగారం దాకా ఆమె అన్నిటినీ తూచి కొన్న మనిషి. వస్తువు చిన్నదైతే వెల కూడా చిన్నది కావాలి గదా అని ఆమె అనుకున్నది. మరి బొమ్మ చిన్నదైనప్పుడు ఏమేమి చిన్నవవుతాయో లెక్క వేసి చూద్దాం. పలకా బలపం తెచ్చుకోండి.

ఈ రకం సిపాయిల ఎత్తు సాధారణంగా 54 మిల్లీమీటర్లు. దాన్ని 32 పెట్టి గుణించండి. 1728 మిల్లీమీటర్లు, అంటే అయిదడుగుల ఎనిమిది అంగుళాలు వస్తుంది. నిలువెత్తు మనిషిని 32వ వంతుకు కుదిస్తే మన సిపాయి అవుతాడన్న మాట.

ఎత్తు 32వ వంతు అయితే ఒంటి పై వైశాల్యం ఎంత అవుతుంది? 32వ వంతు కాదు. పొడవూ తగ్గుతుంది, వెడల్పూ తగ్గుతుంది. కనక 32ను 32 చేత గుణించాలి: 1024వ వంతు. మనిషంత విగ్రహానికి పూతలన్నీ కలిపి ఒక లీటరు రంగు పట్టిందనుకోండి. మన సిపాయికి ఒక మిల్లీలీటరు చాలు. అది ఇరవై చుక్కలు!

ఇక పోత లోహం మాట. పొడవు, వెడల్పు, మందం మూడూ తగ్గుతాయి గనక మళ్ళీ 32 చేత గుణిస్తే 32,768వ వంతు. అరవై అయిదు కిలోల మనిషి ఒళ్ళు సుమారు అరవై అయిదు లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. సిపాయికి అందులో వచ్చేది రెండు మిల్లీలీటర్లు. సీసంతో పోసినా ఇరవై మూడు గ్రాములు మించదు. అమ్మమ్మగారు చెప్పినది ఇంతవరకూ అక్షరాలా నిజం.

కాని, పిల్లలూ, బొమ్మను కుదించారు గాని దానికి రంగు వేసే చేతిని ఎవరూ కుదించలేదు. చూసే కంటినీ కుదించలేదు. చిక్కంతా అక్కడ వచ్చింది!

అడుగు దూరంలో పెట్టి చూస్తే మన కన్ను మిల్లీమీటరులో పదో వంతు తేడాను పట్టేస్తుంది. మనిషి కనుపాపలోని రంగు వలయం అడ్డంగా పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. సిపాయికి అది మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త పైన. అంటే రంగు వేసేవాడి కుంచె మిల్లీమీటరులో పదో వంతు పక్కకు జరిగితే చాలు, సిపాయికి మెల్లకన్ను వస్తుంది. అది మీకూ తెలిసిపోతుంది, అమ్మమ్మగారికీ తెలిసిపోతుంది. నిలువెత్తు విగ్రహం మీద అదే పొరపాటు జరిగితే దేవుడికి కూడా కనిపించదు.

నా మాట నమ్మకపోతే పెన్సిలు ముల్లులాగా చెక్కి, ఒక మిల్లీమీటరు పొడవున కన్ను గీయండి. అందులో నల్లగుడ్డు పెట్టండి. పక్కనే దానికి జోడుగా రెండో కన్ను గీయండి. రెండూ ఒకే వైపు చూడాలి సుమా! నేను నిన్న పదకొండు సార్లు గీశాను. ఒక జత కుదిరింది.

పనివాళ్ళు ఏం చేస్తారంటే, ముందు బొమ్మను సబ్బునీళ్ళతో కడిగి ఆరబెడతారు. ఒక పలచటి పూత పూస్తారు. అది లేకపోతే పై రంగు పట్టదు, పెచ్చులుగా లేచిపోతుంది. దాని మీద కోటు రంగు, చర్మం రంగు, తోలు రంగు. ఒక్కొక్కటీ నీళ్ళ మజ్జిగలా పలచన చేసి రెండేసి పూతలు. చిక్కటి రంగు ఒక్కసారే పూస్తే పని త్వరగా అవుతుంది గాని బొత్తాములూ, వేళ్ళ సందులూ పూడిపోతాయి.

తరవాత నాకు ఎంతో నచ్చిన పని ఉన్నది. నల్లటి రంగును బాగా నీరుగా చేసి బొమ్మంతటా తడుపుతారు. ఆ నీరు ఎత్తు మీద నిలవక ముడతలలోకీ గాళ్ళలోకీ తనంత తానే చేరుకుంటుంది. దీపపు వత్తిలోకి నూనె పాకుతుంది చూడండి, ఆ గుణమే ఇక్కడా పని చేస్తుంది. నీరు ఆరిపోగా గాళ్ళలో నలుపు మిగులుతుంది. అదే నీడ. ఆపైన లేతరంగు తీసుకుని, ఎండ పడే చోట్ల, అంటే భుజం మీదా ముక్కు దూలం మీదా మోకాలి మీదా సన్నని గీతలు గీస్తారు.

"నీడ దానంతట అది పడదా మేష్టారూ, రంగుతో వెయ్యడం దేనికి?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 32వ వంతు బొమ్మను అడుగు దూరంలో చూడడమంటే మనిషిని 32 అడుగుల దూరంలో చూడడమే. వీధికి అవతలి వైపు నిలబడిన మనిషి చొక్కా ముడతలు మీకు సరిగా కనిపిస్తాయా? కనిపించవు. పైగా పోతపోసిన ముడతలు అసలు ముడతలంత లోతు ఉండవు. అందుచేత ఉన్న నీడను కాస్త ఎక్కువ చేసి చూపిస్తే తప్ప బొమ్మకు ప్రాణం రాదు. నాటకంలో వేషగాళ్ళు కనుబొమ్మలు అంత దట్టంగా దిద్దుకునేది కూడా ఇందుకే.

ఇందుకు వాడే మంచి కుంచెలు సైబీరియా వైపు ఉండే ఒక జాతి ముంగిసలాంటి చిన్న జంతువు తోక వెంట్రుకలతో చేస్తారు. మొన మీద అవి సూదిలా నిలుస్తాయి. మన దేశంలో ముంగిస వెంట్రుకలతో చేసిన కుంచెలు అమ్మడం, కొనడం చట్టరీత్యా నేరం. అంగడిలో ఎవరైనా చూపిస్తే వద్దనండి. నైలాను కుంచెలు మనకు చాలును.

ఇప్పుడు ఖరీదు లెక్క. ఇవి నేను అనుకున్న అంకెలు మాత్రమే. రంగులేని బొమ్మ అయిదు వందలు. పనివాడు దానితో ఇరవై గంటలు కూర్చున్నాడు. గంటకు నూట యాభై చొప్పున మూడు వేలు. మొత్తం మూడున్నర వేలు. ఏడు రెట్లు అయిందా? ఆ గంటకు నూట యాభైలోనే అతని దీపమూ, కుంచెలూ, కళ్ళజోడూ, పాడైపోయిన మొదటి వంద బొమ్మలూ కూడా ఉన్నాయి. బావను ఎవరూ మోసం చెయ్యలేదమ్మా. ఇరవై చుక్కల రంగు ఊరికే ఇచ్చినట్టే. అతను కొన్నది ఇరవై గంటలు.

కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో ఏనుగు అంబారీ చేసేవారి దగ్గర నిలబడి "ఇంత తేలిక కర్రకు అంత ధరా?" అని బేరమాడే పెద్దలను నేను చూశాను. (ఒకప్పుడు నేనూ ఆడాను.) చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి, మావటివాడి చేతిలోకి అంకుశం అతికించడానికి ఎంతసేపు పడుతుందో అప్పుడు నేను చూడలేదు. చూసి ఉంటే నోరు మెదిపేవాణ్ణి కాదు.

ఇంగ్లండులో ఈ సిపాయిల ముచ్చట పాతది. మొదట్లో మంచి సీసపు సిపాయిలు జర్మనీ నుంచి వచ్చేవి. అవి గట్టి పోతవి. 1893లో లండనులో విలియం బ్రిటన్ అనే ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. కరిగిన లోహం అచ్చులో పోయగానే, అచ్చుకు తగిలిన లోహం ముందు గడ్డ కడుతుంది, నడుమ ఉన్నది ఇంకా ద్రవంగానే ఉంటుంది. ఆ క్షణంలో అచ్చును వంచి నడుమ ద్రవాన్ని తిరిగి వంపేశాడు. లోపల బోలు, పైన సిపాయి! లోహం ఆదా, బరువు తక్కువ, ధర తక్కువ. ఆ దెబ్బతో మామూలు ఇళ్ళ పిల్లలకు కూడా పటాలాలు సమకూడాయి. హెచ్. జి. వెల్స్ అనే పెద్ద రచయిత నడివయసులో నేల మీద పాకుతూ ఈ సిపాయిలతో యుద్ధాలాడి, ఆ ఆట నియమాలతో 1913లో ఒక పుస్తకమే రాశాడు. ఈనాటికీ ఆ దేశంలో నాటింగ్‌హామ్ నగరం ఇటువంటి బొమ్మలకు పేరు పొందింది. ఇప్పటి బొమ్మలు ఎక్కువగా ప్లాస్టిక్కువి, మన సిపాయిలో సగం ఎత్తువి కూడా ఉన్నాయి. వాటిని రంగులేకుండానే అమ్ముతారు. రంగులు వేసేవారికి అక్కడ 1987లో పోటీలు మొదలయ్యాయి. అందరినీ మించినవారికి బహుమతి నిలువెత్తు కత్తి!

బ్రిటన్ కంపెనీ బొమ్మలకు రంగులు వేసినది ఎక్కువగా ఆడవాళ్ళు. కొందరు కార్ఖానాలో, కొందరు ఇంటి దగ్గర. వాళ్ళకు ఇరవై గంటలు ఎవరు ఇస్తారు? కంటికి ఒక చుక్క, మీసానికి ఒక విసురు, బుగ్గకు కాస్త గులాబి, అంతే. అయినా ఆ విసురులో ఒక ఒడుపు ఉన్నది. సీసం విషం గనక, పిల్లలు నోట పెట్టుకుంటారు గనక, 1966లో అక్కడ సీసపు సిపాయిల తయారీ ఆగిపోయింది.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఇంతవరకు చెప్పినదానికి ఎదురుతిరిగేది. కొత్త బొమ్మకు రంగు వేస్తే వెల ఏడు రెట్లు పెరిగింది గదా? ఆ పాత సీసపు సిపాయికి ఎంత గొప్ప చేయి తిరిగినవాడు కొత్తగా రంగు వేసినా వెల పడిపోతుంది. సేకరించేవాళ్ళు అడిగేది, మొదటి రంగు ఉందా, ఎర్ర అట్టపెట్టె ఉందా, పెట్టెలో కట్టిన దారం ఉందా అని. రంగు కాస్త రాలినా సరే, పాతదే కావాలంటారు.

ఇది నాకు పదేళ్ళప్పుడు తెలియదు. రాజమండ్రిలో మా వీధి చివర ఒక రైల్వే డాక్టరుగారు ఉండేవారు. పెన్షను పుచ్చుకుని చాలా కాలమైంది. మేమంతా తాతగారూ అనేవాళ్ళం. ఆయన చిన్నతనంలో వాళ్ళ నాన్న మద్రాసులో కొనిపెట్టిన సిపాయిల పెట్టె ఒకటి ఆయన బీరువాలో ఉండేది. తలపాగాలతో, ఎర్రకోట్లతో మద్రాసు పటాలం. ఆ కంపెనీ మన దేశపు పటాలాలను కూడా చేసేది. ఒక వేసవిలో ఆయన నాకు నలుగురు సిపాయిలను ఆడుకోమని ఇచ్చారు. ఇద్దరికి కోటు రంగు పెచ్చులు లేచి ఉంది. ఆయన్ను సంతోషపెడదామని, మా తలుపులకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు తీసి నలుగురికీ నిండా పూశాను. నిగనిగలాడారు. ఎండలో ఆరబెట్టి, ఎంతో గర్వంగా పట్టుకెళ్ళాను.

తాతగారు కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కణ్ణీ వెలుగులోకి తిప్పి చూశారు. నన్ను కోప్పడలేదు. "మీసం ఏదిరా?" అన్నారు.

నేను పెన్సిలుతో దిద్దుతానన్నాను.

"వద్దులే. ఎవరో ఒక ఆవిడ లండనులో కూర్చుని ఒక్క విసురులో పెట్టింది. నేను నీ అంత ఉన్నప్పటినుంచి ఆ మీసమే చూస్తున్నాను," అన్నారు. ముగ్గురిని తిరిగి పెట్టెలో పెట్టి, నాలుగోవాణ్ణి నా చేతిలో ఉంచారు.

వాడు ఇప్పుడు నా బల్ల పక్కన అద్దాల అలమారలో ఉన్నాడు. మనమలు వస్తే చూడనిస్తాను గాని ముట్టుకోనివ్వను. నేను ముట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కుంటాను. ఆ ఆకుపచ్చ కింద ఎర్రకోటూ మీసమూ ఇంకా ఉండే ఉంటాయి. గీకి చూస్తే సీసపు ధూళి లేస్తుంది, కింది రంగు కూడా పైదానితో పాటే వచ్చేస్తుంది. అందుకని గీకలేదు.