రాకెట్టుకు ఉన్న పరీక్ష మన ట్రక్కుకు వద్దా?

దమ్ములు అయిపోయి నాట్లు పడ్డాక మన సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం, నాయుడుపేట మండలాల్లో ట్రాక్టరుకు నాలుగు రోజులు విశ్రాంతి దొరుకుతుంది. మళ్లీ కోతలు వచ్చేదాకా పెద్దగా పనుండదు. చెట్టుకింద నిలబెట్టి పైన పాత పట్ట కప్పేస్తాం. కోత మిషను చేలోకి దిగిన రోజున పట్ట తీసి, బ్యాటరీ ఎక్కకపోతే నలుగురిచేత తోయించి, వెనక ట్రక్కు తగిలించుకుని రోడ్డెక్కుతాం. బ్రేకు పడుతుందా లేదా అనేది మొదటి మలుపులో తెలుస్తుంది.

ఆ నాలుగు రోజుల తీరిక గురించే ఈ వారం చెప్పాలనుకుంటున్నాను. బండి పరీక్ష చేయించుకోవాల్సిన కాలం అదే. ఎఫ్.సి. అనగానే మనలో చాలామందికి చెక్‌పోస్టు, పోలీసులు, జరిమానా గుర్తొస్తాయి. "పట్టుకుంటే చూసుకుందాంలే అన్నా, మనం ఊరు దాటిపోతామా ఏంది?" అనే మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఊరు దాటకపోవచ్చు. కానీ చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారి మన పొలాల మధ్యగానే పోతోంది కదా. దాన్ని అడ్డంగా దాటకుండా మిల్లుకు చేరే ట్రాక్టరు ఈ పక్కన ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి.

ముందు చట్టం ఏమంటోందో చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ ప్రకారం కిరాయికి, రవాణాకు తిరిగే బండికి ఎఫ్.సి. లేకపోతే దానికి రిజిస్ట్రేషనే లేనట్టు లెక్క. ఆర్.సి. జేబులో ఉన్నా చెల్లదన్నమాట. ఈ సంగతి చాలామందికి తెలియదు. ఎఫ్.సి. లేని బండి ప్రమాదంలో చిక్కుకుంటే బీమా కంపెనీ పేచీ పెట్టడానికి మొదట పట్టుకునేది దీన్నే. ప్రీమియం ఏటా కట్టాం కదా అనుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఏ బండికి ఎప్పుడు అనే దగ్గరే తికమక. మీ టాటా ఏస్, ట్రక్కు ఆటో, మినీ లారీ, ఇవన్నీ రవాణా బండ్లే. సొంత కూరగాయలు, సొంత పాల క్యాన్లు మాత్రమే వేసుకెళ్తున్నా సరే. ఇవి కొత్తవైతే మొదటి రెండేళ్లు పరీక్ష అక్కర్లేదు. ఆ తర్వాత బండికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా రెండేళ్లకోసారి, ఎనిమిది దాటాక ఏటా చేయించాలి. 2018లో మార్చిన నిబంధన ఇది. అంతకుముందు రెండేళ్లు నిండిన ప్రతి బండికీ ఏటా ఉండేది. ఇంకోటి, మూడు వేల కిలోల లోపు బండికి పర్మిట్ అక్కర్లేదన్న మాట నిజమే కానీ, పర్మిట్ లేదు కాబట్టి ఎఫ్.సి. కూడా లేదనుకునేవాళ్లున్నారు. ఆ రెండూ వేర్వేరు కాగితాలు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున అదనం పడుతుంది. మూడు నెలలు ఏమరుపాటుగా ఉంటే 4,500 రూపాయలు. రెండు బస్తాల యూరియా కోసం వరసలో నిలబడే మనం ఈ డబ్బును ఊరికే పోగొట్టుకుంటున్నాం.

ట్రాక్టరు సంగతి వేరు. వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనం కాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసుంది. దానికి ఏటా పరీక్ష లేదు. రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత బండి చూపించి, బాగుందనిపించుకుని, అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. గడువు ముగియడానికి 60 రోజుల ముందునుంచీ దరఖాస్తు తీసుకుంటారు, ఫారం నెంబరు 25. అయితే అదే ట్రాక్టరుకు ట్రక్కు తగిలించి ఇసుక, ఇటుక, గ్రావెల్ కిరాయికి తోలితే అది వ్యవసాయం కిందికి రాదు. సీజను లేనప్పుడు కిరాయి తోలకపోతే ఫైనాన్సు కంతు ఎట్లా కట్టాలి అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ తోలేవాళ్లు ట్రక్కును ఆ పద్ధతిలో రిజిస్టరు చేయించుకుని, ఎఫ్.సి. తీసుకుని తోలడం మేలు. మీ ఆర్.సి. తీసి ట్రాక్టరుకేం రాసుందో, ట్రక్కుకేం రాసుందో ఈ రాత్రే చదవండి. ట్రక్కుకు అసలు ఆర్.సి.యే లేని ఇళ్లు కూడా ఉన్నాయి మరి. ఊళ్లో వెల్డింగు షాపులో చేయించిన తొట్టికి నెంబరెక్కడిది?

మోటారు సైకిలును మరచిపోవద్దు. దానికీ 15 ఏళ్లే. 2022 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనం రిజిస్ట్రేషన్ పొడిగింపు ఫీజును 300 నుంచి వెయ్యికి పెంచారు. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో రెండువేలు చేశారు. పాల క్యాన్లు మోసే పాత బండికి అంత పెట్టాలా అంటే, అమ్ముకున్నా అంత రాదేమో, అది మీ లెక్క.

ఇక అసలు విషయానికి వద్దాం. మనకు కూతవేటు దూరంలో, పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోట ఉంది. రాకెట్టు లేచిన ప్రతిసారీ మన ఇళ్ల తలుపులు గడగడలాడతాయి, పిల్లలు మిద్దెలెక్కుతారు. 2019 జులై 15 తెల్లవారుజామున ఏమైందో ఇక్కడివాళ్లకు గుర్తుండే ఉంటుంది. చంద్రయాన్-2ను చూడాలని దేశం నలుమూలలనుంచీ జనం వచ్చారు, రాష్ట్రపతి వచ్చారు. సరిగ్గా 56 నిమిషాలు ఉందనగా లెక్కింపు ఆపేశారు. సాంకేతిక లోపం కనిపించింది, అంతే. ఇంతమంది వచ్చారు, పరువు పోతుంది అని ఎవరూ అనుకోలేదు. లోపం సరిచేసి వారం తర్వాత, జులై 22న పంపారు.  కోట్ల రూపాయల బండిని ఆపగలిగారు. మనం మాత్రం నలభై బస్తాల వడ్లు ఎక్కించాక బ్రేకు పెడలు కిందికి దిగిపోతోందని తెలిసినా "నిదానంగా పోదాంలే" అంటాం.

ట్రాక్టరులో ముందు చూడాల్సింది బ్రేకే. కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి రెండు పెడళ్లుంటాయి. చేలో మలుపు తిప్పడానికి విడివిడిగా తొక్కుతాం. రోడ్డెక్కేటప్పుడు ఆ రెంటినీ కలిపే గొళ్లెం వేసుకోవాలి. ఎంతమంది వేస్తున్నారు? కొన్ని బండ్లకు ఆ గొళ్లెమే ఊడిపోయి ఏళ్లవుతోంది. రెండూ కలిపినా సరిపోదు, రెండు వైపులా ఒకే తీరుగా పట్టాలి. దమ్ములో ఒకే వైపు ఎక్కువగా తిప్పిన బండికి ఆ పక్క లైనింగు ముందే అరిగిపోతుంది. వేగంలో ఉండి ఒక్కసారిగా తొక్కితే బండి పక్కకు లాగి కాలవలోకి దూకుతుంది. నాట్లు అయ్యాక మెకానిక్‌చేత సరిచూపించుకోమని చెప్పేది ఇందుకే.

తర్వాత ట్రక్కు. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకు ఉండదు. వెనకున్న బరువంతా ట్రాక్టరు బ్రేకుమీదే. అందుకని హుక్కు, పిన్ను గట్టిగా ఉండాలి. పిన్ను అరిగి సన్నబడితే మార్చాలి గానీ మేకు వంచి పెట్టకూడదు. పిన్ను కింద క్లిప్పు వేయాలి. పులికాట్ ఒడ్డు ఊళ్లవాళ్లు దీన్ని మరీ పట్టించుకోవాలి. ఉప్పుగాలికి ఇనుము ఎంత తొందరగా తినిపోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. పైన రంగు బాగానే కనిపిస్తుంది, అడుగున ఛానలును సుత్తితో కొడితే పొరలు పొరలుగా రాలుతుంది. రాకెట్టు కేంద్రంవాళ్లకూ ఆ ఉప్పుగాలే. వాళ్లు చూసుకుంటున్నారు.

మూడోది వెనక లైటు, ఎర్ర రిఫ్లెక్టరు. వరిగడ్డి వేసుకుని చీకటి పడ్డాక వచ్చే ట్రక్కు వెనకనుంచి ఎలా ఉంటుందో ఒకసారి మోటారు సైకిలుమీద వెళ్లి చూడండి. గడ్డి కింద లైటు మునిగిపోయి నల్లటి గుట్ట కదులుతున్నట్టుంటుంది. దాన్ని గుద్దుకునేది ఎవరో దూరంవాడు కాదు, పక్క ఊరి పిల్లోడే. యాభై, వంద రూపాయల ఎర్ర స్టిక్కరు పట్టీ గడ్డికి వెలుపల కనిపించేలా ఒక కర్రకు కట్టినా ఆ ప్రాణం దక్కుతుంది. దమ్ము చక్రాలతో తారురోడ్డుమీద పోవడం గురించి ఇంతకుముందు చాలామంది రాశారు, మళ్లీ రాయను.

మనుషులను ఎక్కించడం గురించి మాత్రం రాయక తప్పదు. 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలవలో పడి 9 మంది పోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి జిల్లా లక్ష్మాపురం దగ్గర మూసీ కాలవలో మరో ట్రాక్టరు పడింది. 15 మంది, దాదాపు అందరూ ఆడవాళ్లే, కూలికి పోతున్నవాళ్లు. మన పక్కనే పూతలపట్టు మండలంలో 2022 డిసెంబరులో పెళ్లివాళ్ల ట్రాక్టరు బోల్తాపడి ఆరుగురు చనిపోయారు. వీటన్నిటికీ బ్రేకులే కారణమని నేను అనడం లేదు. ఎఫ్.సి. ఉంటే ఆగేవనీ అనను. ట్రక్కు సరుకుకోసం చేసింది, మనిషి పట్టుకోవడానికి అందులో ఏమీ ఉండదు. కూలీలను చేరవేయడానికి వేరే బండి దొరకని ఊళ్లలో ఇది కష్టమైన మాటే. అయినా ఆటోకు ఇచ్చే రెండొందలు మిగులుతాయని ముప్పైమందిని నిలబెట్టుకుని కాలవగట్టుమీద పోవడం ఎవరికీ మంచిది కాదు.

ఇక ప్రభుత్వంతో మాట్లాడాలి. తప్పంతా రైతుదే అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక రోజు పరీక్షకు పోవాలంటే రైతుకు అయ్యే ఖర్చు చూడండి. ఇంటర్నెట్ సెంటరులో స్లాటు, ఫీజు, డీజిలు, డ్రైవరు కూలి, బండి పని పోయిన రోజు, ఆపైన ఏజెంటు. ఏదో ఒక చిన్న సాకుతో వెనక్కు పంపితే ఇవన్నీ రెండింతలు. అందుకే పరీక్ష రోజుకు మాత్రం మంచి టైర్లు అద్దెకు తెచ్చి బిగించి, సాయంత్రానికి విప్పేసే తెలివి కొందరికి వచ్చింది. అలాంటి కాగితంవల్ల ఎవరికి లాభం? ఇప్పుడు కేంద్రం యంత్రాలతో పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లను తెస్తోంది. యంత్రానికి ముఖం చూసి మొహమాటపడే గుణం లేదు, ఆ మేరకు మంచిదే. కానీ అది జిల్లాలో ఒకటో రెండో చోట్ల ఉంటే, తడ దగ్గరి రైతు టాటా ఏస్‌ను ఎంతదూరం తోలుకెళ్లాలి? స్టేషను పెట్టేవాళ్లు ఈ లెక్క కూడా వేయాలి.

బ్రిటన్‌లో 1960లోనే ఈ ఏటా పరీక్ష పెట్టారు. మూడేళ్లు దాటిన కార్లకు ఉంటుంది. అక్కడ దాన్ని ప్రభుత్వ అనుమతి ఉన్న ఊరి గ్యారేజీల్లోనే చేస్తారు. గడువుకు నెల ముందు చేయించుకున్నా పాత తేదీ పోదు, ఏడాది ఆ తేదీనుంచే లెక్క. ముందు వెళ్లినవాడికి నష్టం లేకుండా చూశారన్నమాట. వ్యవసాయ ట్రాక్టరుకు అక్కడా మినహాయింపే. మన దగ్గర గ్యారేజీలకే అప్పగించమని అడగను, ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అయితే జనవరిలో, కోతలకు ముందు, మండలానికొక రోజు రవాణాశాఖవాళ్లే వచ్చి రైతు సేవా కేంద్రం దగ్గర బండ్లు చూడలేరా? పశువులకు టీకాల శిబిరం పెట్టగా లేనిది ట్రాక్టర్లకు ఎందుకు పెట్టకూడదు? మళ్లీ ఎడగారు పంటకు ముందొకసారి. పడమటి మండలాల్లో అయితే మామిడికాయ దామలచెరువు మార్కెట్టుకు దిగకముందే, ఏప్రిల్‌లో. జరిమానా రాయకుండా, ఉచితంగా బ్రేకు, హుక్కు చూసి, రిఫ్లెక్టర్లు అంటించి పంపితే చాలు. దానికయ్యే ఖర్చు ఎక్కువ కాదు.

ఇంకొక మాట. 2019లో వాహనమిత్ర కింద ఆటో, టాక్సీవాళ్లకు ఏటా పదివేలు ఇచ్చినప్పుడు బీమాకు, ఎఫ్.సి.కి అనే ఇచ్చారు. 2025 అక్టోబరులో ఆటో డ్రైవర్ల సేవలో పేరిట పదిహేను వేలు ఇచ్చారు. సంతోషం. కానీ అవి ప్రయాణికుల బండ్లకే. వంకాయలు వేసుకుని తెల్లవారుజామున మార్కెట్టుకు పోయే సన్నకారు రైతు ట్రక్కు ఆటోకు కూడా ఎఫ్.సి. ఖర్చు ఉంది కదా. పూర్తిగా ఇవ్వకపోయినా రెండెకరాల లోపు రైతుకు ఎఫ్.సి. ఫీజు వరకైనా మాఫీ చేయాలని రైతు సంఘాలు అడగాల్సిన సమయమిది.

మన మండలాలు 2022 ఏప్రిల్ 4న నెల్లూరు జిల్లానుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాయి. పాత బండ్లమీద నెల్లూరు నెంబరు ఏపీ 26 ఉంటే కంగారు పడొద్దు, జిల్లా మారినందుకు నెంబరు మార్చక్కర్లేదు. పరీక్ష ఎక్కడ చేయించాలో మాత్రం పోయే ముందు పరివాహన్‌లో స్లాటు తీసుకునేటప్పుడే చూసుకోండి. ఏజెంటు చెప్పిన చోటికల్లా పోవద్దు. ఆర్.సి., చెల్లుబాటులో ఉన్న బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, పన్ను, గ్రీన్ ట్యాక్స్ కట్టిన రసీదులు వెంట ఉండాలి. చలానాల బాకీ ఉంటే ముందే కట్టేయండి. ముందు రోజు సాయంత్రం బండిని అడుగుదాకా కడిగించండి. ఛాసిస్ నెంబరుమీద దమ్ము మట్టి గట్టిపడి నెంబరు కనిపించకపోతే పొద్దున్నే వెళ్లినా మధ్యాహ్నందాకా గోకుతూ కూర్చోవాల్సి వస్తుంది.