పరగడుపున ఒక మాత్ర

మా వదినగారింట్లో దేవుడి గూటి పక్కనే ఇంకో గూడు ఉంది. దాన్నిండా మాత్రలే. పొద్దున్నే ముఖం కడుక్కుని ఆవిడ ముందు దణ్ణం పెట్టేది ఆ రెండో గూటికే! పరగడుపున గ్యాస్ మాత్ర పడితే గాని కాఫీగిన్నె పొయ్యెక్కదు. ఎన్నాళ్లుగా వదినా అని అడిగితే "మా చిన్నాడి పెళ్లప్పటి నుంచీ" అంది. ఆ చిన్నాడి కూతురికి ఇప్పుడు ఆరేళ్లు.

డాక్టరు రాసింది నాలుగు వారాలకి. ఆ చీటీ ఎప్పుడో చాకలిమూటలో కలిసిపోయింది, మాత్ర మాత్రం ఇంట్లో మనిషైపోయింది. మందులషాపు కుర్రాడు "పాంటాప్రజోలే కదమ్మా?" అంటూ అడక్కముందే రెండు అట్టలు చేతిలో పెడతాడు.

కిందటేడు ఆవిడకి అరికాళ్లు తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు మొదలయ్యాయి. ఆడవాళ్లకి ఈ వయసులో మామూలేనని ఇంటిల్లిపాదీ తీర్పిచ్చేశారు. మా అన్నయ్య మరీనూ, "టీవీ తగ్గించు" అన్నాడు. చివరికి రక్తపరీక్షలో బి12 అడుగంటిపోయిందని తేలింది. తిన్న తిండిలోంచి బి12ని విడదీయాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆ ఆమ్లాన్నే ఏళ్ల తరబడి అణిచేస్తే ఎక్కణ్ణుంచి వస్తుంది? పైగా శాకాహారం. పాలూ పెరుగే దిక్కు. ఆ పెరుగు కూడా అందరికీ వడ్డించి, గిన్నె తొలిచిన మజ్జిగతో అన్నం ముగించే మనిషాయె!

మాత్రని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు. కడుపులో పుండున్న వాళ్లకి అది ప్రాణదాత. గుండెజబ్బుకి ఆస్పిరిన్ వాడే వాళ్లలో కొందరికి డాక్టర్లే కావాలని రాస్తారు. ఇది చదివి రేపే గోడవతలికి విసిరేయకండి, ఒక్కసారిగా మానేస్తే ఆమ్లం రెట్టింపు కసితో ఎగదన్నుతుంది. ఎంతకాలం వేసుకోవాలని డాక్టర్ని నిలదీసి అడగండి, అంతే.

నా కోపమల్లా ఆ మంట ఎందుకొచ్చిందో ఎవరూ అడగనందుకు. మోకాళ్లు లాగుతున్నాయని ఆవిడ నొప్పిమాత్ర మింగుతుంది, అదీ ఖాళీ కడుపుతో. అది కడుపు లోపలి పొరని తినేస్తుంది. ఆ మంటకి గ్యాస్ మాత్ర. దాని పుణ్యమా అని తిమ్మిర్లు. తిమ్మిర్లకి ఇంకో మాత్ర! పొద్దున అయిదింటికి లేచిన మనిషి పదకొండింటికి ఆరిపోయిన ఇడ్లీ, మూడింటికి అడుగంటిన కూర తింటుంటే ఆ ఇంట్లో ఒక్కరికీ కనబడదా?

ఇక మనవరాలి జలుబు సంగతి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా గూట్లోంచి పాత సిరప్పు దిగుతుంది. పేగుల్లో మనకి మేలుచేసే సూక్ష్మజీవుల్ని కూడా అది ఊడ్చేస్తుంది. మర్నాటి నుంచి పిల్లకి విరేచనాలు. "దిష్టి తగిలింది" అంటుంది వదిన. ఇలాంటి మందుల అట్టమీద నిలువు ఎర్రగీత ఉంటుంది, చీటీ లేనిదే వేసుకోవద్దని గుర్తు. 2016లో ప్రభుత్వం ఊరూరా చెప్పింది. మనం ఆ గీతని డిజైను అనుకున్నాం.

1948లో ఆరియోమైసిన్ లోకానికి అందించిన పరిశోధనశాలకి సారథి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్న మనిషి. ఆయన చేతిమీదుగా వచ్చిన మందుని మనం జలుబుకింద జమకట్టాం.

తిండి విషయం అడక్కండి. ఆ సూక్ష్మజీవులకి మేత పీచుపదార్థం. వంద గ్రాముల జొన్నల్లో అది పది గ్రాములుంటే, మల్లెపువ్వులాంటి మన సన్నబియ్యంలో మూడైనా ఉండదు. జొన్నరొట్టె పెడితే అల్లుడుగారు ఏమనుకుంటారోనని మన బెంగ!

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్లి పట్టుబట్టాను. పన్నెండున్నరకి అందరితోపాటూ కూర్చో, పెరుగు ముందు నీ కంచంలో వేసుకో అన్నాను.

"నేను కూర్చుంటే వడ్డించేదెవరే?" అంది వదిన.

నేను జవాబు చెప్పలేదు, మా అన్నయ్య వైపు చూశాను. ఆయన కాసేపు పేపరు మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. ఆ తర్వాత లేచి, గరిటె ఎక్కడుంటుందని అడిగాడు. ముప్ఫై రెండేళ్ల కాపురంలో మొదటిసారిట!