కరక్కాయ సిరా, కాఫీ, ఇనుము

మూడు నెలల క్రితం ఒక ఆదివారం మా వదిన నా చేతిలో ఒక కరపత్రం పెట్టింది. "ఏమయ్యా, ఆఫీసులో రోజూ ఊరందరి అర్జీలూ చదువుతావు గదా. ఈ కాగితం కూడా కాస్త చదివి చెప్పు. మంచిదైతే పిల్లకు తెప్పిస్తాను" అన్నది.

పిల్ల అంటే మా అన్నగారి రెండో అమ్మాయి. పదిహేడేళ్ళది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 అని వచ్చింది. ఆ వయసు ఆడపిల్లకు 12కు తగ్గరాదు. డాక్టరుగారు ఇనుము మాత్రలు వ్రాసి ఇచ్చారు. రెండు నెలలు మింగినా అంకె కదలలేదు. అది తెలిసిన వారెవరో ఈ కరపత్రం తెచ్చి ఇచ్చారు. ఆకుల రసంతో చేసిన నానో ఇనుమట, రసాయనాలేమీ లేవట, నేరుగా రక్తంలో కలుస్తుందట, మాత్రల అవసరమే ఉండదట! సీసా వెల చూస్తే మా అన్నగారింటి నెల కరెంటు బిల్లు కంటె ఎక్కువ.

"నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను వదినా, గుమాస్తాను" అన్నాను. అయినా కాగితం చదవడం గుమాస్తా పనే గదా! చదివాను. దాని వెనుక ఉన్న సంగతులు కూడా వెదకి చదివాను. తేలిన విషయం మన ఇళ్ళన్నిటికీ పనికివచ్చేది గనుక ఈ నెల ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట ఆ మాటల అర్థం చూద్దాము. నానోమీటరు అంటే మీటరులో నూరు కోట్లవ వంతు. తలవెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లు ఉంటుంది. ఒకటి మొదలు నూరు నానోమీటర్ల దాకా ఉండే రేణువులను నానో కణాలంటారు. లోహాన్ని నూరి అంత మెత్తన చేయడం చాలా కష్టం. కనుక లోహపు ఉప్పును నీళ్ళలో కరిగించి, అందులోనుంచి లోహాన్ని కణాలుగా విడదీస్తారు. మామూలుగా దీనికి ఘాటైన రసాయనాలు వాడతారు. వాటికి బదులు ఆకుల కషాయం వాడితే అది హరిత పద్ధతి. ఆకులోని వగరు పదార్థాలు రెండు పనులు చేస్తాయి. లోహాన్ని విడదీస్తాయి; విడిన కణాలు ముద్దకట్టకుండా వాటిపైన పూతగా నిలుస్తాయి.

ఇది కట్టుకథ కాదు. 2004లో పుణేలోని జాతీయ రసాయన ప్రయోగశాలవారు వేపాకు కషాయంతో బంగారు, వెండి నానో కణాలు చేసి చూపించారు. 2009లో అమెరికాలో రాజేందర్ వర్మ మొదలైన శాస్త్రజ్ఞులు తేయాకు డికాక్షన్‌తో ఇనుప కణాలు చేశామని ప్రకటించారు. వారు చూపిన ఉపయోగం నీటిలోని రంగుపదార్థాన్ని విరగగొట్టడం, మందు కాదు. ఆ తరువాత ఎన్నో దేశాలవారు ఎన్నో ఆకులతో ఈ పని చేశారు. పద్ధతి వంటింటి పనిలాగే ఉంటుంది. ఆకు కాచి వడకట్టి, ఇనుప ఉప్పు కరిగించిన నీటిలో పోస్తారు. చూస్తూ ఉండగానే నల్లబడుతుంది.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా తాతగారు జ్ఞాపకం వచ్చారు. ఆయన చిన్నతనంలో సిరా ఇంట్లోనే చేసుకునేవారట. కరక్కాయలు నలగగొట్టి నానబెట్టి, కాచి, వడకట్టి, అందులో అన్నభేది వేస్తే నల్లటి సిరా. అన్నభేది మరేమీ కాదు, ఇనుప ఉప్పు. శ్రీకాళహస్తి కలంకారీవారి నలుపు కూడా ఇదే సంబంధం. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో తడిపి ఆరవేస్తారు. బెల్లపు నీళ్ళలో ఇనుప ముక్కలు పులియబెట్టిన ద్రవంతో దానిపైన గీస్తారు. వగరు, ఇనుము కలిసినచోట గీత నల్లబడుతుంది.

మరి ఆ ప్రయోగశాల గాజుగిన్నెలో కనిపించిన నలుపు ఇనుప కణాలదా, సిరాదా? ఈ సందేహం నాకంటె ముందు పెద్దలకే వచ్చింది. బంగారం, వెండి తమ ఉప్పులనుంచి సులభంగా విడిపోతాయి. ఇనుము మొండిది; ఆకు వగరుకు అంత తేలికగా లొంగదు. 2014లో చెక్ దేశంలోని పలాట్స్కీ విశ్వవిద్యాలయంవారు పచ్చ తేయాకుతో చేసిన సరుకును నిశితంగా పరీక్షించి, అందులో ఉన్నది ఇనుప లోహం కాదని, వగరుతో పెనవేసుకున్న ఇనుమని తేల్చారు. అంటే మా తాతగారి సిరాకు దగ్గర చుట్టమే! పైగా నీటిలో బ్రతికే చిన్న జీవులకు అది హాని చేసిందని కూడా చూపారు. ఆకుతో చేసినది గనుక సాధువైనదే అనుకోవడానికి వీలు లేదన్నమాట.

అయితే వైద్యంలో ఇనుప నానో కణాలు లేవా అంటే, ఉన్నాయి. మన ఆసుపత్రులలో గర్భిణీ స్త్రీలకు నరానికి ఎక్కించే ఐరన్ సుక్రోజ్ అటువంటిదే. ఇనుము చుట్టూ చక్కెర పూత. ఫెరుమాక్సిటాల్ అనే మందుకు మూత్రపిండాల జబ్బుతో రక్తం తగ్గినవారి కోసం 2009లో అమెరికాలో అనుమతి లభించింది. 2010లో యూరప్‌లో ఒక మెదడు కంతికి చికిత్స వచ్చింది. కంతిలో అయస్కాంత గుణం గల ఇనుప కణాలు ఉంచి, బయటినుంచి మారుతూ ఉండే అయస్కాంత బలం ప్రయోగించి, ఆ కణాలను వేడెక్కించి కంతిని దెబ్బతీస్తారు. ఇవన్నీ కొలత ప్రకారం తయారైనవి, మనుషులమీద పరీక్షకు నిలిచినవి. అంత చేసినా ఫెరుమాక్సిటాల్ కొందరికి వికటించి ప్రాణాపాయం కలగవచ్చునని 2015లో అమెరికా ప్రభుత్వం గట్టి హెచ్చరిక వ్రాయించింది.

ఆకురసంతో చేసిన ఇనుప కణాలు ఇంకా ప్రయోగశాల పరీక్షలలోనే ఉన్నాయి. అడ్డంకి ఏమిటో మన ఆడవారికి వేరే చెప్పనక్కరలేదు. ఒకే పొడి, ఒకే ఫిల్టరు అయినా నిన్నటి డికాక్షన్ నేడు రాదు. వేసవి ఆకు ఒక తీరు, వానాకాలపు ఆకు ఒక తీరు. నరంలోకి ఎక్కించే మందు ప్రతిసారీ ఒకే కొలతలో ఉండాలి గదా. ఈ చిక్కు విడిపోయిన నాడు మన వేప, కరక్కాయ కూడా ఆసుపత్రి కెక్కవచ్చును. శ్రమిస్తున్నవారిని నేను తక్కువ చేయను. శ్రమ ముగియకముందే సీసాలో పోసి అమ్మేవారితోనే నా తగవు.

ఇంత చదివిన తరువాత నాకు వేరొక అనుమానం పుట్టింది. "వదినా, పిల్ల మాత్ర దేనితో మింగుతున్నది?" అని అడిగాను.

"ఇంక దేనితో? పొద్దున కాఫీతో. ఉత్త నీళ్ళతో దానికి వాంతి వస్తుంది" అన్నది.

నేను ఒక గ్లాసులో పాలు లేని తేనీరు పోయించి, మాత్ర ఒకటి పైపూత గీకి పొడిచేసి అందులో వేసి కలిపాను. కాసేపట్లో ఎర్రటి తేనీరు సిరాలాగా నల్లబడింది. మాత్రలో ఉన్నదీ అన్నభేది జాతి ఉప్పే. కాఫీలోనూ తేనీటిలోనూ ఉన్న వగరు దానిని కడుపులో పట్టి ఉంచి ఒంటికి చాలావరకు అందనీయదు.

వదిన ఆ గ్లాసు వంకే చూస్తూ, "రెండు నెలలు నా చేతులతో పిల్లకు సిరా తాగించానా?" అన్నది. కంట నీరు పెట్టుకున్నది. మాత్రలు ఇచ్చినచోట కాఫీ సంగతి చెప్పలేదు, మేము అడగనూ లేదు. తప్పు ఆమె ఒక్కదానిదే ఎట్లా అవుతుంది?

మరునాడు పిల్లను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళాము. కాఫీ సంగతి నిజమేనన్నారు. అయినా అదొక్కటే కారణమని కూర్చోకుండా నులిపురుగుల పరీక్ష, నెలసరి వివరాలు కూడా చూశారు. అదే మాత్ర, ఇప్పుడు నిమ్మరసం నీళ్ళతో. కాఫీకీ దానికీ రెండు గంటల ఎడం. పోయిన వారం పరీక్షలో 10.8 వచ్చింది. ఇంకా 12 కాలేదు. మాత్రలు సాగుతున్నాయి. సీసా కొనలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 మొదలు 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత. కనుక ఇది మా వదిన ఇంటి సంగతి మాత్రమే కాదు. మీ ఇంట్లో పిల్ల బడిలో ఇచ్చిన నీలిమాత్ర తెచ్చుకున్నా, కోడలు గర్భిణిగా మాత్రలు వాడుతున్నా, దేనితో మింగుతున్నదో నేడే అడగండి. కాఫీ మానమని మన తెలుగువారికి చెప్పే సాహసం నాకు లేదు. రెండు గంటలు ఆగి త్రాగమంటున్నాను, అంతే.