ఆటల పెట్టె వేరు, అమానత్ పెట్టె వేరు

పిల్లవాడు గేమింగ్ పీసీ అడిగితే మన ఘరానాల్లో రెండే జవాబులు వినిపిస్తాయి. "ఫుజూల్ ఖర్చు, చదువుకో" అని అబ్బా. "బచ్చా అంత అడుగుతుంటే కాదంటారేం?" అని అమ్మీ. నా మష్వరా వేరు. ఇప్పించండి. కానీ దానికంటే ముందు ఇంటి ఫొటోల కోసం ఇంకో చిన్న కంప్యూటర్ తెచ్చుకోండి.

గూగుల్ ఫొటోస్‌లో ఎన్ని ఫొటోలైనా ఉచితంగా దాచుకునే రోజులు 2021 జూన్ 1తో పోయాయి. ఇప్పుడు మెయిలు, డ్రైవు, ఫొటోలు అన్నీ కలిపి 15 జీబీ. అది నిండితే నెలనెలా కిరాయి. కిరాయి ఒక్కటే అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. షాదీలో జనానా వైపు తీయడానికి ఆడ ఫొటోగ్రాఫర్‌ను వెతికి మరీ పెట్టుకునే కుటుంబాలు మనవి. అవే ఫొటోలు మర్నాటికల్లా ఎక్కడుందో తెలియని కంప్యూటర్‌లోకి వెళ్లిపోతున్నాయి. ఖాతాకు తాళం పడితే ఎవరి తలుపు తట్టాలో తెలియదు. దాదీ చివరి వీడియో కూడా ఆ తాళం వెనకే ఉంటుంది.

ఇందుకు నేను చెప్పే సాఫ్ట్‌వేర్ ఇమ్మిచ్. ఉచితం. ఫోన్‌లోని ఫొటోలు వాటంతటవే ఇంటి కంప్యూటర్‌లోకి చేరతాయి. ముఖాలను గుర్తుపట్టే పని కూడా ఆ కంప్యూటర్‌లోనే జరుగుతుంది, బయటికి పోదు. అబ్బా క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న ముషాయిరాలు, ఖవ్వాలీలు వినడానికి జెల్లీఫిన్ చాలు. ఈ రెండింటికీ ఆఫీసుల నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ మినీ పీసీ సరిపోతుంది. ఇంటెల్ ఎనిమిదో తరం లేదా ఆపైది, 16 జీబీ ర్యామ్ ఉన్నది చూడండి.

"కొత్తది కొంటున్నాం కదా, పాత గేమింగ్ పీసీనే సర్వర్ చేద్దాం" అంటారు పిల్లలు. హిసాబ్ చూడండి. ఖాళీగా ఉన్నా 60 వాట్లు తాగే పెట్టె రోజంతా నడిస్తే నెలకు 43 యూనిట్లు. 10 వాట్ల మినీ పీసీకి 7 యూనిట్లు. ఇక ఆడుకునే పీసీలోనే ఫొటోలు పెట్టడం మరీ ఖతర్‌నాక్. వాలరెంట్ లాంటి ఆట తన నిఘా ప్రోగ్రామును విండోస్ లోలోపలి దాకా దింపుతుంది. క్రాక్ చేసిన ఆటలతో వైరస్‌లు వస్తాయి. అమానత్ ఉంచే చోటు అది కాదు.

ఆటల పెట్టెకు నా సలహా చిన్నది. డబ్బులో పెద్ద వాటా గ్రాఫిక్స్ కార్డుకు పెట్టండి, 8 జీబీ కంటే 12 జీబీ ఉన్నది చూడండి. క్యాబినెట్‌తో ఊరికే వచ్చే పేరులేని ఎస్ఎంపీఎస్ వద్దు, అది పోతూ పోతూ కార్డును కూడా తీసుకుపోవచ్చు. రంగురంగుల లైట్లు ఉత్త నుమాయిష్. సికింద్రాబాద్ సీటీసీకి వెళ్తే ఒక్క షాపులో ఆగకండి, నాలుగు చోట్ల ధర అడగండి.

సొంత ఇల్లయితే పైకప్పు కారినా మనమే చూసుకోవాలి. ఇదీ అంతే, జిమ్మేదారీ మనదే. హార్డ్ డిస్క్ ఏదో ఒక రోజు పోతుంది. అందుకే ఫొటోలు మూడు చోట్ల ఉండాలి, ఒక కాపీ ఇంటి బయట. ఆపా ఇంట్లో ఒక డిస్క్ ఉంచి, ప్రతి ఈద్‌కు మార్చుకోండి. బయటి నుంచి చూడాలంటే రౌటర్‌లో పోర్టులు తెరవకండి, టెయిల్‌స్కేల్ వాడండి.

ఒక్క మాట మరవకండి. ఇదంతా పెట్టిన కుర్రాడు రేపు ఉద్యోగానికి ఊరు దాటతాడు. పాస్‌వర్డ్ అతని బుర్రలోనే ఉంటే ఆ ఫొటోలు మళ్లీ పరాయివే. కాగితం మీద రాయించి, నికాహ్‌నామా పెట్టిన బీరువాలోనే పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో అమ్మీకి తెలియాలి.