టేకు తలుపులు గుజరీకి, పొట్టు చెక్క మన బాత్‌రూంకా?



భవనంలో బాత్‌రూంలు బాగు చేయించాలని కమిటీ తీర్మానం చేసింది, మంచిదే. పెళ్లిళ్లకూ కర్మాంతరాలకూ హాలు ఇస్తున్నాం, వచ్చిన ఆడవాళ్లు చేతులు కడుక్కునే చోటు చూసి మొహం తిప్పుకుంటున్నారు. అందులో నాకు తకరారు లేదు. నా తకరారు వాష్ బేసిన్ కింద పెట్టే బీరువా మీద. దానికి వానిటీ అని పేరంట. రెండు బాత్‌రూంలకు రెండు, బెంగళూరు షోరూం కొటేషన్ 38 వేలు. అదే రోజు గ్రూపులో ఇంకో మెసేజి: వెనక షెడ్డులో ఉన్న పాత తలుపులు చెత్త కాబట్టి గుజరీ అంగడికి తూకం వేసి ఇచ్చేద్దామని. రెండు మెసేజిలూ పక్కపక్కన చదివిన వాళ్లకు ఎవరికీ నవ్వు రాలేదా?

కొటేషన్ రెండో పేజీ చూడండి. చిన్న అక్షరాల్లో ప్రీ లామినేటెడ్ పార్టికల్ బోర్డు అని ఉంది. అంటే కొయ్య ముక్కలూ రంపపు పొట్టూ జిగురుతో కలిపి అదిమిన పలక, దాని మీద అందమైన కాగితం. అంచులో ఆ కాగితం కాస్త లేచి నీళ్లు లోపలికి పోతే చాలు, తడిపిన అటుకుల మాదిరి ఉబ్బుతుంది. ఉబ్బినది మళ్లీ తగ్గదు. స్క్రూ పట్టదు, తలుపు మడతబందుతో సహా ఊడి చేతికి వస్తుంది. ప్లైవుడ్‌తో చేయిస్తామని షోరూం వాడు అంటే ఏ గ్రేడ్ అని అడగండి. ఐఎస్ 303లో ఎంఆర్ రకం గాలిలో చెమ్మకు తట్టుకుంటుంది గానీ బకెట్ నీళ్లకు కాదు. దానికి ఐఎస్ 710 మెరైన్ ప్లై కావాలి. అది వేయమంటే 38 వేలు ఎక్కడికి పోతుందో ఆ కాగితం మీదే రాయించండి.

మన కుర్రవాళ్లు ఫోన్లో చూపించే వీడియోల్లో బాత్‌రూం నేల ఎండిపోయి ఉంటుంది, వాళ్లు గాజు గది లోపల స్నానం చేస్తారు. ఊరిగాంలో ఎవరింట్లో అట్లా ఉంది? గని కాలంలో బేతమంగల నుంచి నీళ్లు వచ్చేవి. ఇప్పుడు ట్యాంకర్ వచ్చినప్పుడు పట్టి డ్రమ్ముల్లో పెట్టుకుంటున్నాం. డ్రమ్ము, బకెట్, చెంబు. పెళ్లి రోజు మన బాత్‌రూం నేల పొద్దుటి నుంచి రాత్రి దాకా తడే. ఆ తడిలో పొట్టు చెక్క బీరువా నిలబెడతారా?

ఇక చెత్త అన్న ఆ తలుపులు. నాలుగు రెక్కలు, ఒకటింపావు అంగుళం మందం, టేకు. తమిళంలో మరం, కన్నడంలో మర, మనకు మాను; పేరు ఏదైనా ఆ చెక్క లోపల సహజంగా నూనె ఉంది, అందుకే చెదలు అంత సులభంగా తాకదు. ఇన్నేళ్లు వానకూ ఎండకూ నిలబడి, సాగవలసింది సాగి, వంగవలసింది వంగి, ఇప్పుడు కదలకుండా ఉంది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పుడు మన ఊరిని కూడా పనైపోయిన సరుకు అనే లెక్క కట్టినారు. ఆ తూకం ఎట్లుంటుందో తెలిసిన మనమే ఇప్పుడు కాటా పట్టుకుని కూర్చుంటున్నాం.

పాత చెక్క అన్నంత మాత్రాన అంతా వాడమని నేను అనడం లేదు. పాత రైల్వే స్లీపర్లు తెచ్చి చేద్దామని ఒకరు రాసినారు. వద్దు. కొయ్య స్లీపర్లకు చెద పట్టకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవాళ్లు. రైల్వేలో పని చేసిన వాళ్లకు ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంటుంది. చర్మానికీ ఊపిరికీ అది చెడ్డది, ఇంటి లోపలికి తేకూడదు. పాత బంగళాల నుంచి రాత్రిపూట వచ్చే దూలాలు చవకగా దొరుకుతాయని ఇంకొకరు. రసీదు లేని చెక్క సంఘం గడప తొక్కకూడదు. మన తలుపులకు ఆ బాధ లేదు, అవి మన గోడకు ఉన్నవే.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు, పాత రంగు. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదనే రూలు మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలయింది. అంతకు ముందటి రంగులో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? కాబట్టి పొడిగా ఉప్పుకాగితం రుద్దకూడదు, మంట పెట్టి కాల్చకూడదు. తడిపి గీకాలి, ముక్కుకు మాస్క్ కట్టుకోవాలి, పిల్లలు దగ్గర ఉండకూడదు, గీకినది మూట కట్టాలి.

పని పెద్దది కాదు. మేకులన్నీ తీసి, పలకలు చిత్రిక పట్టి, ఫ్రేము కట్టాలి. టేకులో నూనె ఉంది కాబట్టి జిగురు రాసే ముందు అతుకు తిన్నరుతో తుడవాలి, లేకపోతే పట్టదు. ఇనప మేకు వద్దు, స్టెయిన్‌లెస్ స్క్రూలు. బీరువా నేల మీద కూర్చోకూడదు. గోడకు బ్రాకెట్లు వేసి ఒక అడుగు ఎత్తులో బిగిస్తే కింద కడుక్కోవచ్చు. నీళ్లు ఎక్కువ తాగేది పలక కొస, అక్కడ పాలిష్ మూడు నాలుగు పూతలు. పైన బేసిన్‌కు గ్రానైట్ ముక్క. రాయికి పేరు పడిన జిల్లా మనది, రాయి కోసే చోట మిగులు ముక్కలు బేరం ఆడితే దొరుకుతాయి. తలుపులు మాత్రం మూయకండి, జాలీ పెట్టండి, లోపల గాలి ఆడాలి.

నా లెక్క: ఆచారి కూలి, స్క్రూలు, పాలిష్, రాయి, రెండింటికీ కలిపి 11 వేలు. మిగిలే 27 వేలకు ఇంకో నీళ్ల ట్యాంకు, పైపులు. కొళాయిలో నీళ్లు రాని బేసిన్ కింద ఎంత మెరిసే బీరువా పెడితే ఏమి?

పెళ్లివాళ్లు పాత సామాను అని ఎగతాళి చేస్తారంట. లైన్ల ఇళ్లల్లో తడికల గోడ మధ్య, రేకుల కింద పెరిగినవాళ్లం, పెట్టె చెక్కతో కొట్టిన అల్మరాలో పుస్తకాలు పెట్టుకుని చదివినవాళ్లం. ఎవరి ముందు దాచుకోవాలి? నెల నెలా చందా కట్టేది పెన్షన్ డబ్బుతో బతికేవాళ్లు, పొద్దున్నే మారికుప్పం బండి ఎక్కి బెంగళూరు పోయి కూలి తెచ్చుకునే వాళ్లు. వాళ్ల డబ్బుతో తడిస్తే ఉబ్బే కాగితం పెట్టె కొని, వాళ్ల టేకు కేజీ లెక్కన అమ్మే హక్కు కమిటీకి ఎవరు ఇచ్చినారు? కోపం వస్తే రానీయండి, జవాబు మాత్రం రాయండి.

ఆదివారం పొద్దున పది గంటలకు ఆచారిని పిలిపించినాను. టేపు పెట్టి కొలిచి ఎంత చెక్క వస్తుందో మీ ముందే చెప్తాడు. షెడ్డు తాళం సెక్రటరీగారి దగ్గర ఉంది. గుజరీ బండి సోమవారం వస్తుందంట.