ఇంజనీరునకు తప్పిన చరిత్ర తరగతి

అమెరికాలో డాలస్ పరిసరములందు స్థిరపడిన తెలుగువారి యిండ్లలో "ఏపీ" యను మాట వినబడిన, అది అన్నివేళల మన రాష్ట్రమని తలపరాదు. హైస్కూలు పిల్లలు మే నెలలో వ్రాయు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలకును అచట అదియే పేరు. నేనెఱిగిన యొక యింట, 11వ తరగతి చదువుచున్న బాలిక భోజనపుబల్లపై అమెరికా చరిత్ర పుస్తకమును పఱచుకొని కూర్చుండగా, సాఫ్ట్‌వేరు ఉద్యోగియైన తండ్రి చెంతనే లాప్‌టాప్ తెఱచి, ఆ పరీక్షల మార్కులతో కాలేజీలో దొరకు క్రెడిట్టు గంటలను లెక్కించి ఎక్సెల్ పట్టికలో గడులు నింపుచుండెను: చరిత్రకు 6, ప్రభుత్వవ్యవస్థకు 3, ఇంగ్లీషునకు 6. "ఇవన్నీ ఇక్కడే అయిపోతే రేపు ఇంజనీరింగులో ఒక సెమిస్టరు ఫీజు మిగులుతుంది కదండీ" అని ఆయన నాతో ననెను.

ఆ లెక్కలో దోషమేమియు లేదు. టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో డిగ్రీ కోరువారెవ్వరైనను 42 సెమిస్టరు గంటల సామాన్యవిద్య ముగింపవలెను. అందు అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వవ్యవస్థకు 6 గంటలు శాసనముచేతనే విధింపబడినవి. ఇంచుమించు నూఱు డాలర్ల ఏపీ పరీక్షతో తీఱు పనికి అనేకరెట్లు రుసుము చెల్లించి, నేర్చిన పాఠమునే మరల వినుమని చెప్పుటకు నాకు నోరు రాదు. పరీక్షయు తేలికైనది కాదు: పాత లేఖలు, ఉపన్యాసములు, వ్యంగ్యచిత్రములు మొదలగు పత్రము లేడింటిని ముందుంచి, గంటలోపల చదివి, వానినే సాక్ష్యములుగా నిలిపి వాదమును కట్టుమందురు. మార్కుల కొఱకే సంస్కృతమును రెండవ భాషగా నెన్నుకొని, ఇంటరు ముగిసిన మఱునాడే దానిని మఱచు మనవారు ఆ పరీక్షను చులకన చేయ తగరు.

అయినను, ప్లేస్‌మెంట్ అనగా పైతరగతిలో కూర్చుండబెట్టుటయే కాని, తరగతియే లేకుండ పంపివేయుట కాదు. కాలేజ్ బోర్డు ఈ పరీక్షలను చేపట్టిన 1955వ సంవత్సరముననే, ఇంజనీరింగు విద్యను పరిశీలించిన గ్రింటర్ సంఘము, పాఠ్యక్రమమున సుమారు అయిదవవంతు మానవీయ, సామాజిక విషయములకు కేటాయింపవలెనని సూచించినది. ఒకేయేట రూపుగొన్న రెండు సత్సంకల్పములలో మొదటిది నేడు రెండవదానిని మ్రింగుచున్నది. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ మాత్రము తన విద్యార్థులకు ఇట్టి విషయము లెనిమిదింటిని విధించి, ఏపీ మార్కులతో వానిని తీర్చుకొననీయదు.

అట్టి మానవీయ విషయముల తరగతిలో ఇంజనీరునకు దొరకున దేమి? టెక్సాస్‌లోనే హ్యూస్టన్ నగరమును వరదలనుండి కాపాడుటకై 1940 దశకమున ఆడిక్స్, బార్కర్ అను రెండు జలాశయములను కట్టిరి. నీరు నిండుగా నిలిచినపుడు మునుగు నేలనంతటిని ప్రభుత్వము కొనలేదు. కొనక విడిచినచోట కాలక్రమమున కాలనీలు వెలసినవి. 2017 ఆగస్టులో హార్వీ తుపాను వచ్చినపుడు కట్టలు నిలిచినవి గాని, జలాశయగర్భముననున్న వేలాది యిండ్లు మునిగినవి. నీరెంత వచ్చునో, ఎచటికి ప్రాకునో హైడ్రాలిక్స్ చెప్పగలదు. ఆ నేలను కొనక వదలిన దెవరు, దానిపై ఇండ్లు కట్టనిచ్చిన దెవరు, కొన్నవారికి ఆ సంగతి చెప్పిరా యను ప్రశ్నలు చరిత్రకును, న్యాయమునకును, ఆస్తివ్యవహారమునకును చెందినవి. అట్టివానిని పదిమంది సహపాఠులతో వాదించి, వ్రాసి, గురువు ఎఱ్ఱసిరాతో దిద్దగా మరల వ్రాయుట యే మే నెల పరీక్షలోను జరుగదు.

కావున క్రెడిట్టును రద్దుచేయుమని నే ననను. చరిత్ర పరీక్షలో గరిష్ఠమార్కు 5 తెచ్చుకొన్న పిల్లకు ప్రవేశపాఠము తప్పించి, మిగిలిన కాలములో ఒక్క పైతరగతినైనను విధిగా చదివింపవలె నందును. ఆ బాలిక సివిల్ ఇంజనీరింగు చదువుదు ననుచున్నది. హ్యూస్టన్ ఇండ్ల సంగతి చెప్పి, ఆ పట్టికలో అట్టి తరగతి కొకదానికి గడి వేయుమని తండ్రితో నంటిని. ఆయన నవ్వి, "వేద్దాం గానీ, జీపీఏ తగ్గకుండా ఉంటుందంటారా?" అని యడిగెను. నేను బదులు చెప్పకమునుపే బాలిక పుస్తకమునుండి తలయెత్తి, "నాన్నా, ఆ ఇళ్ళు ఎవరు కట్టనిచ్చారు?" అనినది.