ఎంత ఎండకు అంత ఇన్వర్టర్!

డాబా మీద సోలార్ పెట్టించుకుందామని అనుకోగానే ఇంట్లో వారం రోజులు చర్చ నడుస్తుంది. ప్యానెళ్లు ఏ కంపెనీవి, ఎన్ని పడతాయి, నీళ్ల ట్యాంకు నీడ పడుతుందా... ఇలా అన్నీ మాట్లాడుకుంటారు. ఇన్వర్టర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'మీరే ఏదో మంచిది చూసి పెట్టండి' అని ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. తీరా చూస్తే చిక్కంతా అక్కడే వస్తుంది.

గుంటూరులో రిటైరైన ఒక మాస్టారి ఇల్లు అనుకుందాం. నెలకు సుమారు 300 యూనిట్లు కాలుతాయి. వేసవి బిల్లు చూసినప్పుడల్లా గుండె గుభేల్‌మంటోంది. దాచుకున్న డబ్బులో కొంత తీసి సోలార్ పెట్టించాలని మాస్టారు నిర్ణయానికొచ్చారు. హైదరాబాద్ నుంచి కొడుకు ఫోను... "పెద్ద ఇన్వర్టరే పెట్టించండి నాన్నా, మళ్లీ మళ్లీ మార్చుకోలేం." దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు ఏసీ, గీజరు, మోటారు, ఫ్రిజ్, ఫ్యాన్లు అన్నీ కాగితం మీద కూడాడు. "ఐదున్నర కిలోవాట్ల లోడు వస్తోంది మాస్టారూ, 5 కిలోవాట్ల ఇన్వర్టర్ వేసుకోండి" అన్నాడు. అప్పటిదాకా వింటూ కూర్చున్న మాస్టారి భార్య ఒక్కటే అడిగారు. "మధ్యాహ్నం పూట కరెంటు పోతే ఫ్రిజ్ ఆడుతుందా బాబూ? నా ఇన్సులిన్ అందులోనే ఉంటుంది." ఆ కుర్రాడు నవ్వేశాడు. "పైన సూర్యుడున్నాడు కదమ్మా, ఎందుకాడదూ!"

లోడు లెక్క, ఫ్రిజ్ మాట... రెండూ పొరపాటే. మొదటి దానివల్ల డబ్బు దండగ. రెండో దానివల్ల మందు పాడవుతుంది.

పేరొకటే, పని వేరు

మన ఇళ్లల్లో మెట్ల కిందో, వరండా మూలనో ఉండే పాత ఇన్వర్టర్ అందరికీ తెలిసిందే. కరెంటు పోగానే బ్యాటరీ నుంచి ఫ్యాన్లూ లైట్లూ నడుపుతుంది. దాని సైజు ఇంటి లోడును బట్టే ఉండాలి. ఆ అలవాటుతోనే సోలార్ ఇన్వర్టర్‌నీ లోడుతో కొలుస్తున్నారు. ఇక్కడే ఉంది తిరకాసు.

ఇప్పుడు ఇళ్ల మీద ఎక్కువగా పెడుతున్నది 'ఆన్-గ్రిడ్' పద్ధతి. ప్యానెళ్లు తయారుచేసే డీసీ కరెంటును ఇంట్లో వాడుకునే ఏసీ కరెంటుగా మార్చి, కరెంటాఫీసు వాళ్ల లైనుతో కలపడమే ఈ ఇన్వర్టర్ పని. ఇంట్లో వాడకం ఎక్కువైతే తక్కువపడింది లైను నుంచి వస్తుంది. వాడకం తక్కువైతే మిగిలింది లైనులోకి పోతుంది. ఆ రాకపోకల్ని నెట్ మీటరు లెక్కగడుతుంది. అంటే గీజరు, ఏసీ, మోటారు ఒకేసారి వేసినా ఆ భారం ఇన్వర్టర్ మీద పడదు. అందుకే దాని సైజుకు కొలబద్ద ఇంట్లోని సామాను కాదు, డాబా మీది ప్యానెళ్లు. ఎంత చెట్టుకు అంత గాలి అన్నట్టు ఎంత ఎండకు అంత ఇన్వర్టర్!

మాస్టారి ఇంటికి రోజుకు 10 యూనిట్లు కావాలి. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ ప్యానెళ్లకు ఏడాది సగటున రోజుకు 4 యూనిట్ల దాకా వస్తాయి. 3 కిలోవాట్లు పెడితే 12 యూనిట్లు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వేస్తే 3,240 వాట్లు. వీటికి 3 కిలోవాట్ల ఇన్వర్టర్ చాలు. 5 కిలోవాట్లది పెట్టినంత మాత్రాన ప్యానెళ్లు ఒక్క యూనిట్ కూడా ఎక్కువ ఇవ్వవు. వచ్చే ఏడాది మరో మూడు నాలుగు ప్యానెళ్లు వేసే ఆలోచన, డాబా మీద చోటు రెండూ ఉంటే తప్ప పెద్దదానికి డబ్బు పోయడం అనవసరం.

3,240కి 3,000 సరిపోతుందా?

సరిపోతుంది. ప్యానెల్ వెనక అంటించిన కాగితం మీద 540 వాట్లు అని ఉంటుంది. అది ప్రయోగశాల లెక్క. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగు పడుతూ, ప్యానెల్‌లోని సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వచ్చే అంకె అది. మే నెలలో గుంటూరు డాబా మీద ప్యానెల్ 65 డిగ్రీల దాకా కాలిపోతుంది. వేడి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ మామూలు ప్యానెల్ శక్తి సుమారు 0.35 శాతం తగ్గుతుంది. 40 డిగ్రీలు ఎక్కువైతే 14 శాతం కోత! 3,240 వాట్లలో మిగిలేది 2,790 వాట్లు. దుమ్ముకూ వైర్లకూ పోయేది పోతే ఇంకా తక్కువే.

చలికాలంలో ఆకాశం నిర్మలంగా ఉన్న మధ్యాహ్నం ఎప్పుడో కాసేపు 3,000 దాటబోవచ్చు. అప్పుడు ఇన్వర్టర్ ఆ పైదాన్ని వదిలేస్తుందంతే. ఏడాది మొత్తం మీద ఆ నష్టం లెక్కలోకి రాదు. అందుకే ఇన్వర్టర్ కన్నా ప్యానెళ్లు 10 నుంచి 25 శాతం దాకా ఎక్కువ వేయడం మామూలే. అయితే ఆ ఇన్వర్టర్ ఎంతవరకు ఒప్పుకుంటుందో కంపెనీ ఇచ్చే కాగితంలో ఉంటుంది. అది చూసుకోవాలి.

సబ్సిడీకి కూడా ఈ లెక్క ముఖ్యమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, మొత్తం 78 వేల రూపాయలు వస్తాయి. ఆ పైన ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. ప్యానెళ్లు, ఇన్వర్టర్... ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు. చౌకగా వస్తుందని 3 కిలోవాట్ల ప్యానెళ్లకు 2.5 కిలోవాట్ల ఇన్వర్టర్ కలిపితే సబ్సిడీకీ కోత పడుతుంది. అదే 5 కిలోవాట్లది పెడితే అదనంగా వచ్చేదీ లేదు.

వోల్టేజీ దాటితే ముప్పు

వాట్లు కాస్త ఎక్కువైతే ఇన్వర్టర్ సర్దుకుంటుంది. వోల్టేజీ హద్దు దాటితే మాత్రం సర్దుకోదు, కాలిపోతుంది. వారంటీ కూడా వర్తించదు. ప్యానెళ్లను దండలా వరసగా కలిపినప్పుడు వోల్టేజీలు కూడుకుంటూ పోతాయి. 540 వాట్ల ప్యానెల్‌కు దాదాపు 49.5 వోల్టులు ఉంటాయి. ఆరింటికి 297. ఇబ్బంది లేదు. అదే పెద్దింట్లో పన్నెండు ప్యానెళ్లు ఒకే వరసలో కలిపితే 594. ఇన్వర్టర్ హద్దు 600 అయితే సరిపోయిందనిపిస్తుంది. కానీ వేడికి తగ్గే వోల్టేజీ చలికి పెరుగుతుంది. 10 డిగ్రీల చలి ఉన్న తెల్లవారుజామున అది 615 దాటుతుంది. అందుకే ఆదిలాబాద్ వైపు, మన్యం వైపు ఉన్నవాళ్లు ఈ లెక్క మరింత జాగ్రత్తగా వేయించుకోవాలి.

కొన్ని ప్యానెళ్లు తూర్పుకు, కొన్ని పడమటికి పెట్టాల్సి వస్తే రెండు వరసలనూ వేర్వేరుగా చూసుకునే ఇన్వర్టర్ కావాలి. వాటిని 'రెండు ఎంపీపీటీలు' ఉన్నవి అంటారు. అన్నీ ఒకే వరసలో కలిపితే నీడలో ఉన్న ప్యానెల్ మిగతావాటినీ వెనక్కి లాగుతుంది.

ఫ్రిజ్ సంగతేంటి?

ఇక అమ్మగారు అడిగిన ప్రశ్న. కరెంటు పోగానే ఆన్-గ్రిడ్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడున్నా సరే! లోపమేమీ కాదు, కావాలనే అలా చేశారు. లైను బాగుచేయడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన డాబా మీది కరెంటు తగలకుండా ఈ ఏర్పాటు. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్లే 'సోలార్ పెట్టించినా కరెంటు పోతోందేమిటి' అని చాలా ఇళ్లల్లో గొడవ.

కరెంటు ఎప్పుడో పోయి గంటా రెండు గంటల్లో వచ్చేస్తుంటే కంగారు అక్కర్లేదు. తలుపు తీయకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటల దాకా నిలుస్తుంది. ఫ్యాన్లకు పాత ఇన్వర్టర్ ఎలాగూ ఉంది. కానీ గాలివానకు తీగలు తెగితే పూటల తరబడి చీకటే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖవాసులు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపారు. ఫ్రిజ్‌లో మందులుండే ఇంటికి అది చిన్న కష్టం కాదు. అలాంటి ఇళ్లకు బ్యాటరీ ఉన్న 'హైబ్రిడ్' ఇన్వర్టర్ మేలు. ఖరీదు ఎక్కువే. బ్యాటరీకి సబ్సిడీ కూడా వేరే రాదు.

ఇక్కడ మాత్రం లోడు లెక్క కావాల్సిందే. అయితే ఇల్లంతా కాదు, కరెంటు లేనప్పుడు నడిచి తీరాల్సినవే రాసుకోవాలి. ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 400 వాట్లు అనుకుందాం. ఫ్రిజ్ మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. 3 కిలోవాట్ల హైబ్రిడ్ దాన్ని తట్టుకుంటుంది. ఒక హెచ్‌పీ మోటారు అంటే 746 వాట్లే అయినా, మొదలయ్యేటప్పుడు దానికి మూడు నుంచి ఆరు రెట్లు లాగుతుంది. అందుకే మోటారునీ గీజరునీ ఈ లైనులో కలపకూడదు. నాలుగు గంటలు నడవాలంటే 400 వాట్ల లెక్కన 1.6 యూనిట్లు కావాలి. లిథియం బ్యాటరీ అయితే 2 యూనిట్లది చాలు. ఇళ్లల్లో వాడే ట్యూబులర్ బ్యాటరీలను సగానికి మించి ఖాళీ చేస్తే వాటి ఆయుష్షు తగ్గుతుంది. కాబట్టి 150 ఏహెచ్‌వి రెండు పెట్టుకోవాలి.

సంతకం పెట్టే ముందు...

* ఇన్వర్టర్ ఆన్-గ్రిడ్డా, హైబ్రిడ్డా? కరెంటు పోతే ఏమేం నడుస్తాయి? కొటేషన్‌లో రాయించుకోవాలి.

* కిలోవాట్లు, కేవీఏ ఒకటి కావు. 850 వీఏ అన్న ఇన్వర్టర్ నడిపేది సుమారు 600-700 వాట్లే.

* ఒక వరసలో ఎన్ని ప్యానెళ్లు కలుపుతున్నారు? చలికాలపు వోల్టేజీ ఇన్వర్టర్ హద్దులో ఉందా?

* ఇంటికున్నది సింగిల్ ఫేజా, త్రీ ఫేజా? ఇన్వర్టర్ దానికి తగ్గదే ఉండాలి.

* ఇన్వర్టర్‌ను మూసేసిన అల్మారాలో పెట్టొద్దు. ఎండ తగలకుండా, గాలి ఆడేచోట బిగించాలి. వేడెక్కితే దాని సామర్థ్యం తగ్గుతుంది.

* ప్యానెళ్లకు సాధారణంగా 25 ఏళ్ల హామీ ఇస్తారు. ఇన్వర్టర్‌కు అంతకాలం ఉండదు. మధ్యలో ఒకసారైనా మార్చాల్సి వస్తుందని ముందే అనుకోవాలి.

మాస్టారి ఇంట్లో చివరికి తేలిందేమిటంటే... ఆరు ప్యానెళ్లు, 3 కిలోవాట్ల హైబ్రిడ్, ఫ్రిజ్‌కూ ఫ్యాన్లకూ విడిగా ఒక లైను. ఐదు కిలోవాట్ల మాట పక్కనపెడితే మిగిలిన డబ్బు బ్యాటరీకి కొంత అక్కరకొచ్చింది. ఈసారి కొడుకు ఫోన్ చేసి "పెద్దదే పెట్టించారా నాన్నా?" అని అడిగితే మాస్టారి దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది... "పెద్దది కాదురా, మీ అమ్మ అడిగింది పెట్టించాను."